పాత డస్టర్‌కి నా ఓటు

మన వైపు సెకండ్ హ్యాండ్ కారు బేరంలో ధర తగ్గించాలంటే ఒక్క మాట చాలు. "అది ఆగిపోయిన బండి కదన్నా!" ఈ మాట పడిందంటే ఇక ఇంజిన్ ఎవరూ వినరు, టైర్లు ఎవరూ చూడరు. అమ్మేవాడి గొంతు తగ్గిపోతుంది, కొనేవాడు ఇంకో యాభై వేలు కోసేస్తాడు. ఇదే మాటకి భయపడి మంచి బండిని వదిలేసి వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తయారీ ఆగిపోయిందనేది ఆ మోడల్ గురించిన వార్త. మన ముందు నిలబెట్టిన బండి గురించి ఆ వార్త చెప్పేది చాలా తక్కువ. అందులోనూ పూతలపట్టు, చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఉండేవాళ్ళు రెనో డస్టర్ విషయంలో భయపడాల్సింది ఇంకా తక్కువ. ఎందుకో వివరంగా రాస్తాను. ఎలాంటి డస్టర్‌ని ముట్టుకోకూడదో కూడా రాస్తాను.

ఇప్పుడీ టాపిక్ ఎందుకంటే, మా ఇంట్లో కొన్ని నెలలుగా ఇదే చర్చ. చిన్నాయనకి కారు కావాల. వారంలో మూడు రోజులు మామిడి తోటకి మట్టి రోడ్డు మీద పోవాల, అవ్వని వేలూరు ఆస్పత్రికి తీసుకుపోవాల, పిల్లల్ని తిరుపతిలో దింపాల. చేతిలో ఉన్నది ఐదు లక్షలు. అది మామిడి డబ్బు, మళ్ళీ వచ్చే కాపుదాకా ఇంకో రూపాయి రాదు. అందుకని తప్పు బండి కొంటే మా ఇంట్లో అది ఒక ఏడాది దెబ్బ.

అసలు డస్టర్ కథ

డస్టర్ మన దేశంలోకి 2012 జులైలో వచ్చింది. అప్పట్లో మొదలు ధర ఢిల్లీ ఎక్స్-షోరూమ్ 7.19 లక్షలు. ఆ ధరలో, ఆ సైజులో అలాంటి ఎస్‌యూవీ అప్పుడు ఇంకొకటి లేదు. క్రెటా రావడానికి ఇంకా మూడేళ్ళు ఉంది. నేల నుంచి 205 మిల్లీమీటర్ల ఎత్తు, 475 లీటర్ల డిక్కీ, గుంతల్ని మింగేసే సస్పెన్షన్. లోపల ప్లాస్టిక్ మాత్రం నాసిరకం, స్విచ్‌లు ఎక్కడ పెట్టాలో తెలీక పెట్టినట్టు ఉంటాయి. దాన్ని కొన్నవాళ్ళెవరూ డ్యాష్‌బోర్డ్ చూసి కొనలేదు, రోడ్డు చూసి కొన్నారు.

తర్వాత క్రెటా వచ్చింది, సెల్టోస్ వచ్చింది. జనానికి పెద్ద స్క్రీన్, సన్‌రూఫ్ కావాల్సి వచ్చాయి. డస్టర్ పెద్దగా మారలేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 నిబంధనలు వచ్చినప్పుడు రెనో డీజిల్ ఇంజినే మానేసింది. డస్టర్ అంటేనే డీజిల్ అనుకునే దేశంలో అది పెద్ద దెబ్బ. అదే ఏడాది 1.3 లీటర్ టర్బో పెట్రోల్ పెట్టారు. 156 పీఎస్ పవర్, మంచి ఇంజిన్, కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. 2022 మొదట్లో తయారీ ఆపేశారు.

గమనించండి. ఇంజిన్లు పేలిపోయి ఆగిపోలేదు, కేసులు పడి ఆగిపోలేదు. ఫ్యాషన్ మారింది, నిబంధన మారింది, లెక్క కుదరలేదు. ఒక మోడల్ ఆగిపోవడానికి, ఒక బండి పాడైపోవడానికి సంబంధం లేదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

"ఆగిపోవడం" అన్నీ ఒకటి కాదు

మనం కంప్యూటర్ సైన్స్ వాళ్ళం కాబట్టి మన భాషలో చెప్తాను. ఒక లైబ్రరీకి సపోర్ట్ ఆగిపోయిందంటే మనం ముందు అడిగేది ఏంటి? దాని డిపెండెన్సీలు బతికున్నాయా? ఆ కోడ్ ఇంకెవరైనా వాడుతున్నారా? సమస్య వస్తే సరిచేసేవాళ్ళు ఉన్నారా? కార్లకీ ఇవే ప్రశ్నలు.

కంపెనీయే దేశంలో అమ్మకాలు మానేయడం ఒక రకం. షెవ్రోలే 2017 చివర్లో మన దగ్గర అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. సర్వీసు, పార్టులు ఇస్తామన్నారు, ఇస్తున్నారు కూడా. కానీ కొత్త బండ్లు అమ్మని చోట సర్వీస్ సెంటర్ నడపడానికి డీలర్‌కి ఉత్సాహం ఎన్నాళ్ళుంటుంది?

కంపెనీ ఉండి, మోడల్ మాత్రం పోవడం రెండో రకం. డస్టర్ ఈ రకం. రెనో ఇంకా క్విడ్, ట్రైబర్, కైగర్ అమ్ముతోంది. డస్టర్ తయారైన ఒరగడం ఫ్యాక్టరీలో నిస్సాన్ వాటాని కూడా 2025లో రెనోనే కొనేసింది. అంటే షట్టర్ వేసుకుని పోయే ఆలోచనలో ఉన్నట్టు కనిపించడం లేదు.

డిపెండెన్సీల సంగతి ఇంకా బాగుంది. డస్టర్ డీజిల్ ఇంజిన్ పేరు కే9కే, 1.5 లీటర్లు. అది డస్టర్‌కి మాత్రమే చేసింది కాదు. నిస్సాన్ టెరానో, నిస్సాన్ సన్నీ డీజిల్, మైక్రా డీజిల్, రెనో లాడ్జీ, ఆఖరికి మహీంద్రా వెరిటో కూడా ఇదే ఇంజిన్ కుటుంబం. టెరానో అయితే డస్టరే, ముఖం మార్చారంతే. వెరిటోలు ట్యాక్సీలుగా లక్షల కిలోమీటర్లు తిరిగాయి. కాబట్టి ఈ ఇంజిన్ విప్పి బిగించిన మెకానిక్‌లు దక్షిణాదిలో చాలామంది ఉన్నారు. టెరానో ఓనర్లు ఫిల్టర్ కోసం వెతుకుతున్నంత కాలం డస్టర్ ఫిల్టర్ కూడా దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. డస్టర్ పేరుతో కొత్త బండి తెస్తున్నట్టు రెనో ప్రకటించింది కదా, ఇక పాతదానికి పార్టులు బాగా దొరుకుతాయని కొందరు బ్రోకర్లు చెప్తున్నారు. నమ్మొద్దు. కొత్తదాని ప్లాట్‌ఫామ్ వేరు. పేరు ఒకటైనంత మాత్రాన డోరు, బంపరు, సస్పెన్షన్ దీనికి పట్టవు.

మన ఊరు ఉన్న చోటే మనకి లాభం

ఈ విషయం రివ్యూలు చెప్పవు. రివ్యూ రాసేవాళ్ళకి పూతలపట్టు ఎక్కడుందో తెలీదు కాబట్టి.

చిత్తూరు నుంచి కర్నూలు పోయే హైవే, తిరుపతి రోడ్డు మన దగ్గరే కలుస్తాయి. ఒక పక్క బెంగళూరు, ఇంకో పక్క చెన్నై. డస్టర్ పుట్టిన ఒరగడం చెన్నై పక్కనే. రాణిపేట, కాంచీపురం మీదుగా పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి ముందే చేరొచ్చు. చెన్నైలో కొత్త పార్టులకి జీపీ రోడ్డు, పాత పార్టులకి పుదుపేట. బెంగళూరులో జేసీ రోడ్డు. ఈ మూడు పేర్లు మన జిల్లాలో ఏ పాత మెకానిక్‌ని అడిగినా చెప్తాడు. రాత్రి ఫోన్ చేస్తే పొద్దున బస్సుకి పార్సిల్ వేసే షాపులు వాళ్ళకి తెలుసు. బ్యాటరీ అయితే అంత దూరం కూడా అక్కర్లేదు, అమరరాజా వాళ్ళవి మన చిత్తూరు జిల్లాలోనే తయారవుతాయి.

ఇదే బండి ఎక్కడో మారుమూల జిల్లాలో ఉంటే నేను ఇంత ధైర్యంగా ఓటు వెయ్యను. "ఆగిపోయిన బండి కొనొచ్చా" అనే ప్రశ్నకి దేశమంతటికీ ఒకే జవాబు ఉండదు. మన ఇంటి నుంచి పార్టుల షాపుకి, మంచి మెకానిక్‌కి ఎంత దూరం అనేదాన్ని బట్టి జవాబు మారుతుంది.

ఏ డస్టర్?

డీజిల్‌లో రెండు రకాలు వచ్చాయి: 85 పీఎస్, 110 పీఎస్. పేపర్ మీద చూస్తే 110 గొప్ప. మా ఇంటి అవసరానికి మాత్రం నేను 85కే ఓటేస్తాను. దానిది సాదా టర్బో, 5 గేర్లు, తక్కువ వేగంలోనే లాగుతుంది. తోట దారిలో రెండో గేర్‌లో పోయేవాడికి అదే కావాల. 110లో ఉన్నది వేరియబుల్ జామెట్రీ టర్బో. హైవేలో బాగుంటుంది గానీ 2000 ఆర్‌పీఎం దాటేదాకా బద్ధకంగా ఉంటుంది, టర్బో పోతే ఖర్చు కూడా ఎక్కువ.

2014లో వచ్చిన ఏడబ్ల్యూడీ మోడల్ మీద మన కుర్రాళ్ళకి చాలా మోజు. నాలుగు చక్రాలూ తిరుగుతాయి, వెనక సస్పెన్షనే వేరు. కష్టం అక్కడే ఉంది. ఆ వెనక భాగాలు మామూలు డస్టర్‌వి పట్టవు. తక్కువ అమ్ముడైన వేరియంట్ అంటే పాత పార్టుల మార్కెట్లో కూడా తక్కువే. కొండలెక్కే హాబీ ఉంటే సరే, మామిడి తోటకి అవసరం లేదు. 2016 నుంచి వచ్చిన ఏఎమ్‌టీ గేర్‌బాక్స్ మీద కూడా నాది ఇదే మాట. రిపేర్ చేసే చెయ్యి దగ్గర్లో ఉంటేనే కొనండి.

పెట్రోల్ బండ్లు చవకగా దొరుకుతాయి. కానీ ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. దానికి తగ్గట్టు పైపులు, సీళ్ళు పెట్టి బండ్లు చెయ్యడం 2023 నుంచి తప్పనిసరి అయింది. డస్టర్లన్నీ అంతకుముందువే. రోజూ తిరిగేవాళ్ళు ఇది లెక్కలోకి తీసుకోవాల.

ఇక అసలు కండిషన్. ఎయిర్‌బ్యాగ్ లేని డస్టర్‌ని ఎంత చవకగా ఇచ్చినా వద్దు. 2017లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన దేశపు డస్టర్‌ని గుద్ది చూసినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లేని బేస్ మోడల్‌కి పెద్దవాళ్ళ రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉన్నదానికి మూడు వచ్చాయి. ఒకటే బండి, తేడా ఒక సంచి. డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ చట్టప్రకారం తప్పనిసరి అయింది 2019 జులై నుంచి. కాబట్టి పాత బేస్ మోడళ్ళు మార్కెట్లో ఇంకా ఉన్నాయి, చవకగానే ఉన్నాయి. మొగిలి ఘాట్‌లో లారీల మధ్య దిగేటప్పుడు మిగిల్చుకున్న నలభై వేలు ఎవరినీ కాపాడవు.

పళ్ళు చూసి కొనాల

మా తాత సంతలో ఎద్దుని కొనేటప్పుడు అమ్మేవాడి మాట వినేవాడు కాదంట. నోరు తెరిచి పళ్ళు చూసేవాడు, గిట్టలు చూసేవాడు, నాలుగడుగులు నడిపించేవాడు. కారుకి కూడా పళ్ళు ఉంటాయి. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు.

మొదటి పన్ను టైమింగ్ బెల్ట్. డీజిల్ డస్టర్ ఇంజిన్‌లో క్రాంక్‌నీ వాల్వుల్నీ జత కలిపి తిప్పేది ఒక రబ్బరు బెల్ట్. అది తెగితే పిస్టన్లు పోయి వాల్వులకి కొట్టుకుంటాయి, ఇంజిన్ విప్పాల్సిందే. దీనికి కిలోమీటర్ల లెక్క ఒకటి, ఏళ్ళ లెక్క ఒకటి, రెండూ ఉంటాయి. బండి తక్కువ తిరిగినా రబ్బరు ముసలిదవుతుంది. "మార్పించినాం సార్" అంటే బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క, ఆ ఖర్చు ధరలోంచి తీసెయ్యండి. చిన్నాయన చూసిన మొదటి బండి మాకు ఇక్కడే ఆగిపోయింది. బిల్లు అడిగితే "కాణిపాకం వినాయకుడి మీద ఒట్టు" అన్నాడు బ్రోకర్. సరే, దగ్గరే కదా, పోదాం పదండి అన్నాడు చిన్నాయన. ఆయనకి ఆ రోజు వేరే పని గుర్తొచ్చింది.

రెండోది కిలోమీటర్లు. మీటర్ వెనక్కి తిప్పడం ఇప్పుడు ల్యాప్‌టాప్ పని. కానీ అబద్ధం చెప్పేవాడు అన్ని చోట్లా ఒకే అబద్ధం చెప్పలేడు. టైర్ పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది అని. 2015 బండి 40 వేలే తిరిగిందని చెప్తూ, టైర్లు రెండుసార్లు మార్చినట్టు కనిపిస్తే ఆలోచించండి. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు కూడా చూడండి.

మూడోది మన సబ్జెక్టు. స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. బ్లూటూత్ అడాప్టర్ చవకే, ఫోన్‌లో యాప్ చాలు. అందరూ ఎర్రర్ కోడ్లు చూస్తారు, ఏమీ లేకపోతే సంతోషపడతారు. మీరు ఇంకొకటి చూడండి. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా బండ్లు చెప్తాయి. అక్కడ 12 అని ఉంటే, పొద్దునే ఎవరో తుడిచి పెట్టినారని అర్థం.

నాలుగోది నీళ్ళు. మన దగ్గరికి వచ్చే తమిళనాడు బండ్లలో చెన్నైవి ఎక్కువ. 2015 డిసెంబర్‌లో చెన్నై మునిగింది, 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫానుకి మళ్ళీ మునిగింది. 2021 నవంబర్‌లో మన తిరుపతిలోనే కాలనీలు నీళ్ళల్లో ఉన్నాయి. సీట్‌బెల్ట్‌ని చివరిదాకా లాగి చూడండి, లోపలి భాగంలో మట్టి గీత కనిపిస్తే వదిలేయండి. సీటు పట్టాల మీద తుప్పు, కార్పెట్ కింద వాసన కూడా అబద్ధం చెప్పవు.

ఐదోది నడక. ఊళ్ళో రెండు వీధులు తిప్పితే ఏమీ తెలీదు. బంగారుపాళ్యం దాటి మొగిలి ఘాట్ దాకా తీసుకుపోండి. ఎత్తులో ఆపి మళ్ళీ మొదటి గేర్‌లో కదిలించండి. ఇంజిన్ అరుస్తూ బండి నెమ్మదిగా పోతుంటే క్లచ్ అయిపోయింది. దిగేటప్పుడు బ్రేక్ పక్కకి లాగుతుందేమో చూడండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొదటి స్టార్ట్ మీరే చెయ్యండి. మీరు వచ్చేసరికి బానెట్ వేడిగా ఉంటే, ఎందుకని అడగండి.

కాగితాలు

నంబర్ ప్లేట్ కూడా కథ చెప్తుంది. మన చిత్తూరు జిల్లా పాత బండ్లకి ఏపీ 03. 2019 మొదట్లో రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ మొదలైంది. కాబట్టి 2014 మోడల్‌కి ఏపీ 39 నంబర్ ఉందంటే, అది వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్ళీ రిజిస్టర్ అయ్యుండొచ్చు. తప్పేం లేదు, కానీ ఎక్కడి నుంచి, ఎందుకు అని అడగండి. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టినారు కాబట్టి అక్కడివి చవకగా దక్షిణాదికి వచ్చాయి.

ఎంపరివాహన్ యాప్‌లో నంబర్ కొడితే ఎన్నో ఓనర్, ఫైనాన్స్ ఉందా, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా అన్నీ కనిపిస్తాయి. ఫైనాన్స్ ఉంటే బ్యాంక్ ఎన్‌వోసీ, ఫారం 35 లేకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. పేరు మార్పుకి ఫారం 29, 30. తమిళనాడు, కర్ణాటక బండి అయితే ఫారం 28 ఎన్‌వోసీ, ఆపైన మన దగ్గర లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాల. ఆ ట్యాక్స్ ఎంతో ముందే కనుక్కోండి. పక్క రాష్ట్రంలో చవక అనుకున్నది ఇక్కడికొచ్చేసరికి సమానమైపోతుంది. పాత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్ చూడండి. 50 శాతం ఉంటే వరసగా ఐదేళ్ళు క్లెయిమ్ లేదని. సున్నా ఉంటే, పోయిన ఏడాది ఏం జరిగిందో అడగండి.

రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే. 2012 డస్టర్లకి 2027లో గడువు అయిపోతుంది. తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాల. అందుకే మొదటి బ్యాచ్ బండ్లు వదిలేసి 2015 తర్వాతవి చూడమంటాను.

"మళ్ళీ అమ్మితే ఏమొస్తుంది?"

డస్టర్ మీద అందరూ చెప్పే పెద్ద అభ్యంతరం ఇదే. మా తాత దీన్ని మారుబేరం అంటాడు. నిజమే, డస్టర్ మారుబేరంలో క్రెటాకి సాటి రాదు. కానీ ఆ తేడాని కొనేటప్పుడే మనం వసూలు చేసుకున్నాం కదా? అదే ఏడాది, అవే కిలోమీటర్ల క్రెటా ధర అడిగి చూడండి, మీకే తెలుస్తుంది. రెండేళ్ళకి బండి మార్చేవాళ్ళకి మారుబేరం ముఖ్యం. వాళ్ళు డస్టర్ కొనకూడదు. కొన్న బండిని ఎనిమిదేళ్ళు వాడే ఇంటికి, వేరేవాళ్ళ భయం వల్ల తగ్గిన ధర లాభమే.

ఇంకో అభ్యంతరం, ఆ డబ్బుకి కొత్త చిన్న కారు వస్తుంది కదా అని. 2025 సెప్టెంబర్‌లో చిన్న కార్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక ఈ మాటకి బలం పెరిగింది. తిరుపతిలో ఆఫీసుకి, ఇంటికి తిరిగేవాళ్ళకి నేను కూడా అదే చెప్తాను: కొత్త చిన్న కారు, వారంటీ, నిద్ర. కానీ ఆ చిన్న కారు మా తోట దారిలో మొదటి వానకే అడుగు గీసుకుంటుంది. రోడ్డు చూసి బండి కొనాలి, బండి చూసి రోడ్డు మారదు.

డబ్బు మొత్తం బండి మీదే పెట్టొద్దు. ఐదు లక్షలు ఉంటే నాలుగు లక్షల బండి చూడండి. మిగతాది పేరు మార్పు, బెల్ట్, టైర్లు, మొదటి ఏడాదిలో వచ్చే రిపేర్లకి. ఆగిపోయిన బండిని మోసేది ఈ పక్కన పెట్టిన లక్షే. అది లేకుండా కొంటే ఏ బండైనా ఆగిపోయిన బండే.

చిన్నాయన ఇంకా కొనలేదు, వెతుకుతూనే ఉన్నాడు. 85 పీఎస్, ఎయిర్‌బ్యాగ్ ఉన్నది, బెల్ట్ బిల్లు ఉన్నది దొరికితే నా ఓటు దానికే.

ఆఖరుగా మనవాళ్ళందరికీ ఒక మాట. మన ఇళ్ళల్లో ఇలాంటి బేరాలు మనుషుల మీద నమ్మకంతో జరుగుతాయి. పెద్దవాళ్ళకి బండి తెలుసు, బేరం తెలుసు, కానీ ఫారాలు, యాప్‌లు, ఇంగ్లీష్‌లో ఉండే పాలసీ కాగితాలు తెలీవు. అవి మనకి తెలుసు. ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ ఇంట్లో ఎవరైనా సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి బయల్దేరితే ఫోన్, అడాప్టర్ తీసుకుని వెంట పోండి. వెనక సీట్లో కూర్చుని రీల్స్ చూడొద్దు. సీట్‌బెల్ట్ చివరిదాకా లాగి చూడండి.